అత్తమ్మ తొక్కిన క్లచ్చు

ఒకే పూటలో కారును నడిరోడ్డు మీద, అత్తగారిని జనంలో, పెళ్లికూతురి పుస్తెలను అత్తగారి సంచితో సహా పోగొట్టుకున్న కోడలు ఈ హైదరాబాదులో ఇంకెవరైనా ఉంటే దయచేసి ఒకసారి కనబడండి. ఇద్దరం మొజంజాహీ మార్కెట్‌లో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటూ ఒకరినొకరం ఓదార్చుకుందాం. అంతవరకు ఈ ఘనత నా ఒక్కదానిదే అనుకుని, జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాకు ఉస్మాన్‌గంజ్‌లో కాగితపు ప్లేట్లు, గ్లాసుల హోల్‌సేల్ దుకాణం ఉంది. పైన ఇల్లు, కింద దుకాణం. సరుకు వేసుకోవడానికీ, చుట్టాలిళ్లకు పోవడానికీ ఒక పాత చిన్న కారు. ఇంట్లో ముగ్గురం: మా ఆయన, నేను, మా అత్తమ్మ. అత్తమ్మ బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. ఆమె "కూసో" అంటే ఇంటికొచ్చిన చుట్టాలే కాదు, కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా కూర్చుంటాడు.

ఆ ఆదివారం సాయంత్రం తాండూరులో మా ఆడపడుచు కూతురి లగ్గం. పుస్తెమట్టెలు మేనమామ తరఫున మేమే చేయిస్తామని మాట ఇచ్చాం. మా ఆయన పందిరి పనులు చూడటానికి ముందే తాండూరు వెళ్లిపోయారు. నేనూ అత్తమ్మా ఆదివారం అబిడ్స్‌లో నగల దుకాణం నుంచి పుస్తెమట్టెలు తీసుకుని, నాంపల్లిలో రైలెక్కి రావాలి. ఆ రైలు తప్పితే లగ్గం వేళకు చేర్చే రైలు ఇంకోటి లేదు. ఇదీ ఏర్పాటు. ఇందులో కష్టమేముంది? ఏమీ లేదు. కష్టాన్ని నేనే చేత్తో తయారుచేశాను.

శుక్రవారం నాడు కారు క్లచ్చు పెడల్ తొక్కితే నేలకు అతుక్కుపోయి మళ్లీ పైకి రాలేదు. కాలి దగ్గర ఆయిల్ కారుతోంది. మా మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఊళ్లో లేనన్నాడు. సంగతి చెప్పగానే మా ఆయన ఒకటే మాట అన్నారు.

"కారును ముట్టకు. ఆటో మాట్లాడుకొని రాండ్రి."

"గింత సామాను ఆటోల పడ్తదా? ఒడిబియ్యం మూట ఉన్నది, ఇత్తడి బిందెలున్నయి, మీ అమ్మ ట్రంకు ఉన్నది."

"రెండాటోలు మాట్లాడుకో. నీకు దండం పెడ్త రజితా, ఆ కారు జోలికి పోకు."

మొగుడు దండం పెట్టి మరీ వద్దన్న పనిని చేయకుండా ఉండటం మనుషుల వల్ల అవుతుందా? పైగా ఆ వారమే మా ఇంట్లో మిక్సీ తిరగకపోతే నేను బాగుచేశాను. నిజానికి ప్లగ్గు సరిగ్గా గుచ్చాను, అంతే. కానీ అత్తమ్మ పక్కింటివాళ్లతో "మా కోడలు చేతిల పనితనం ఉన్నది" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఇంజినీరునైపోయాను.

రాత్రంతా ఫోన్లో వీడియోలు చూశాను. ఈ కారు క్లచ్చుకు తీగ ఉండదు. పెడల్ తొక్కితే దాని వెనకున్న సిలిండర్ ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది, ఆ ఆయిల్ పోయి అవతల క్లచ్చును నెడుతుంది. సిలిండర్ పాడైతే కొత్తది వేయాలి, పైపులో గాలి తీసేయాలి. వీడియోలో కుర్రాడు ఈల వేస్తూ చేశాడు. ఈల వేయడం నాకూ వచ్చు కదా అనుకున్నాను.

శనివారం పొద్దున్నే కొత్త సిలిండర్ తెప్పించి, డ్రైవరు సీటు ముందు పెడళ్ల కింద తల దూర్చాను. పాత సిలిండర్‌కు అడ్డంగా పెడల్‌కు ఒక స్ప్రింగు ఉంది. దాన్ని విప్పాను. పాతది తీశాను, కొత్తది బిగించాను, స్ప్రింగు మళ్లీ తగిలించాను. ఒక్క నట్టు కూడా మిగల్లేదు. ఇంత శుభ్రంగా జరిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇక గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు బానెట్ దగ్గర చిన్న మర వదులు చేసి గాలి పోనివ్వాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి ఎవరో మీకు తెలుసు.

"నేనా?" అన్నారు అత్తమ్మ.

"జర కూసోండ్రి అత్తమ్మా. నేను తొక్కుండ్రి అన్నప్పుడు తొక్కాలె, ఇడువుండ్రి అన్నప్పుడు ఇడువాలె. గంతే."

అత్తమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, స్టీరింగుకు దండం పెట్టుకుని, డ్రైవరు సీట్లో కూర్చున్నారు.

"తొక్కుండ్రి!"

"తొక్కిన!"

"పట్టుకోండ్రి... పట్టుకోండ్రి..."

"పట్టుకున్ననే! ఎంతసేపు?"

"ఇప్పుడు ఇడువుండ్రి!"

ఇలా ఆమె తొక్కడం, నేను మర తిప్పడం, ఆయిల్ నా మొహాన చిమ్మడం. గల్లీలో వాళ్లంతా గుమిగూడారు. బానెట్ అవతల ఒక బుర్ర, లోపల ఒక బుర్ర, మధ్యలో "తొక్కుండ్రి, ఇడువుండ్రి" అని అరుపులు. పురిటి గది బయట నిలబడ్డట్టు నిలబడ్డారు జనం. కాసేపటికి అత్తమ్మ గొంతు మారింది.

"ఏంది బిడ్డా, తొక్కుతుంటే రాయిని తొక్కినట్టున్నది?"

నేను వెళ్లి తొక్కి చూశాను. నిజమే. నిన్న నేలకు అతుక్కుపోయిన పెడల్ ఇవాళ నేలవైపు చూడటమే మానేసింది. గోడను తన్నినట్టుంది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. కానీ ఇంజినీర్లు ఆగరు.

"కొత్తది గద అత్తమ్మా. కొత్త చెప్పులు కరవవా? రెండు రోజులల్ల మెత్తబడ్తది."

"మెత్తబడేది నీ కాలా, గా పెడలా?" అన్నారామె, మోకాలు రాసుకుంటూ.

ఆదివారం డిక్కీలో బియ్యం మూట, వెనక సీట్లో బిందెలు, ట్రంకు సర్దాం. అత్తమ్మ ముందు సీట్లో కూర్చున్నారు. గల్లీ దాటేలోపు మూడుసార్లు గేరు మార్చాను. మూడుసార్లూ పెదవి కొరుక్కున్నాను. మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర క్లచ్చు తొక్కి పట్టుకుని నిలబడితే నా ఎడమకాలు కుట్టుమిషన్ సూదిలా ఆడటం మొదలుపెట్టింది.

"కాలెందుకు వణుకుతుంది బిడ్డా?"

"ఏసీ చల్లగున్నది అత్తమ్మా."

"మన కార్ల ఏసీ ఎక్కడిది?"

నేను సిగ్నల్ వైపు చూశాను. అది కూడా నావైపు ఎర్రగానే చూసింది.

ఎలాగో అబిడ్స్ చేరి, నగల దుకాణంలో పుస్తెమట్టెలు తీసుకున్నాం. అత్తమ్మ వాటిని ఎర్రటి గుడ్డలో చుట్టి, తన చేతిసంచిలో పెట్టి, సంచిని చంకలో ఇరికించుకున్నారు. ఇక నాంపల్లి ఎంత దూరం? ఇక్కడిక్కడే. రైలుకు కావలసినంత టైముంది. నేను మళ్లీ ఇంజినీరునయ్యాను.

ఆదివారం అబిడ్స్ మీకు తెలియంది కాదు. మూసిన మిగతా దుకాణాల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు, పుస్తకాల ముందు జనం, ఆ జనం రోడ్డు మీదికి, రోడ్డు మీది ఆటోలు బస్సుల మీదికి. పెద్ద పోస్టాఫీసు చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగాయి. కదిలాయి. ఆగాయి. కదిలినప్పుడల్లా క్లచ్చు, ఆగినప్పుడల్లా క్లచ్చు. నాలుగోసారో ఐదోసారో నా పిక్క పట్టేసింది. కాలు దానంతటదే జారింది. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. వెనక ఇత్తడి బిందెలు గుడి గంటల్లా మోగాయి.

మొదట వెనకున్న ఆటో హారన్ కొట్టింది. తర్వాత దాని వెనక బస్సు. తర్వాత మొత్తం అబిడ్స్.

"తియ్యి బిడ్డా, తియ్యి! లోకమంత మననే చూస్తుంది!"

ఒక కాలు చాలదని రెండు కాళ్లూ క్లచ్చు మీద పెట్టి, స్టీరింగు పట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసి తోశాను. పెడల్ కిందికి పోలేదు. నేను వెనక్కి పోయాను. సీటు కొక్కెం ఊడి, పట్టాల మీద రైలులాగా జర్రున జారి, ట్రంకుకు కొట్టుకుని ఆగింది. ఇప్పుడు నాకు పెడల్ కాదు కదా, స్టీరింగు కూడా అందడం లేదు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి కిటికీలోంచి చూశాడు. ముందు సీట్లో ముసలావిడ, వెనకెక్కడో కాళ్లు చాపి డ్రైవరు.

"మేడమ్, పండుకున్నరా?"

"క్లచ్చు గట్టిగున్నదన్నా."

"మీ క్లచ్చు సంగతి తర్వాత. ముందుగాల రోడ్డు ఇడువుండ్రి!"

అతనూ, దారిన పోయేవాళ్లిద్దరూ కలిసి కారును పక్క సందు మొదట్లోకి తోశారు. అక్కడ పాత పుస్తకాలమ్మే ఒకాయన దుకాణం పరుచుకుని ఉన్నాడు. మా కారు సరిగ్గా ఆయన పుస్తకాలకు అడ్డంగా ఆగింది.

"ఏందమ్మా ఇది? గిరాకీ ఎట్ల రావాలె?"

"అన్నా, ఐదే నిమిషాలు."

"అందరు గట్లనే అంటరు."

అత్తమ్మ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఇగ ఆటో తీస్కుందాం పా రజితా. రైలు టైమైతుంది."

"సామాను మోసుడెట్ల అత్తమ్మా? ఐదే నిమిషాలు. ఏమైందో నాకు తెలిసింది."

నాకేమీ తెలియలేదు. ముందు కాలికింది రబ్బరు చాప పెడల్‌కు అడ్డుపడుతోందేమోనని తీసి పారేశాను. తొక్కితే అదే రాయి. పెడల్ ఇరుసు ఎండిపోయిందేమోనని, అత్తమ్మ ట్రంకులోంచి సెంటు కలిపిన కొబ్బరినూనె సీసా తీసి ధారగా పోశాను. ఇప్పుడు రాయి మల్లెపూల వాసన వేసింది. గాలి ఉండిపోయిందేమోనని సీటును ముందుకు లాగి కొక్కెం తగిలించి, మళ్లీ అత్తమ్మను సీట్లో కూర్చోబెట్టి, నడి అబిడ్స్‌లో, "తొక్కుండ్రి! ఇడువుండ్రి!" మొదలుపెట్టాను. పైపులో గాలి ఉంటే పెడల్ మెత్తబడుతుందే కానీ గట్టిపడదని నాకు అప్పటికి తెలియదు. తెలిసినా ఆగేదాన్ని కాదేమో.

పుస్తకాలాయన జాలిపడి, కుప్పలోంచి ఒక లావుపాటి రిపేరు పుస్తకం లాగి ఇచ్చాడు. ఆశగా తెరిచాను. అది ట్రాక్టరుది.

"క్లచ్చు క్లచ్చే గదమ్మా," అన్నాడు.

అత్తమ్మ దిగారు. "రజితా, నా మాట ఇను. రైలు పోతది."

"అత్తమ్మా, జర నన్ను ఇడిసిపెట్టుండ్రి! మీరు మాట్లాడుతుంటే నా మనసు పని మీద నిలుస్తలేదు!"

అత్తగారి మీద నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆమె చంకలో సంచిని ఇంకాస్త బిగించుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కనబడకుండా తలను పెడళ్ల కిందికి పూర్తిగా దూర్చేశాను. నడుం దాకా లోపల, కాళ్లు రెండూ సందులో బయటికి. పైన రైలు టైము తరుముతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఫోన్ టార్చి వెలుగులో ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాను. సిలిండర్ సరే, దాన్ని నెట్టే కడ్డీ సరే, పిన్ను సరే.

అప్పుడు స్ప్రింగు కనబడింది.

ఆ స్ప్రింగు అక్కడ ఊరికే లేదండీ. పెడల్ కాస్త కిందికి దిగగానే, మిగతా దారిలో మన కాలికి తోడుగా అదీ కిందికి తోస్తుంది. సగం బరువు అది మోస్తుంది కాబట్టే మనం సుఖంగా గేర్లు మారుస్తాం. దాన్ని నేను పై రంధ్రానికి బదులు కింది రంధ్రానికి తగిలించాను. దాంతో అది మొదటి నుంచి చివరి దాకా పైకే తోస్తోంది. అంటే కాలికి సాయం చేయాల్సిన దాన్ని నేనే తీసుకుపోయి కాలి మీదికి కొట్లాటకు పంపాను.

సరిగ్గా అప్పుడే నా కాలిపిక్క మళ్లీ పట్టేసి, ఎడమకాలు గిలగిలా కొట్టుకుంది. పళ్లు బిగించి ఆ నొప్పిలోనే చాలాసేపు తంటాలు పడి స్ప్రింగు ఊడదీసి, పై రంధ్రానికి తగిలించాను. చేత్తో పెడల్ నొక్కాను. వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

"అత్తమ్మా! అయిపోయింది! తొక్కి చూడుండ్రి!"

జవాబు లేదు.

"అత్తమ్మా?"

వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చాను. సందులో జనం ఉన్నారు. అత్తమ్మ లేరు. కారు చుట్టూ తిరిగాను. ముందు సీట్లో ఆమె ఫోన్ ఉంది. చేతిసంచి లేదు. పుస్తెమట్టెలు ఆ సంచిలోనే ఉన్నాయి.

"అన్నా, మా అత్తమ్మ ఎటు పోయింది?"

"గా పెద్దమ్మనా? పోయి చాలసేపాయె."

"ఎటు?"

"గా మందిలకే పోయింది. నేను గిరాకీని చూసుకోవాల్నా, మీ అత్తమ్మను చూసుకోవాల్నా?"

నవ్వుతున్నారు మీరు. ఆ క్షణంలో నా పరిస్థితి చూడండి. చేతిలో ఫోన్ లేని పెద్దావిడ, చంకలో బంగారం, చుట్టూ ఇసకేస్తే రాలని జనం. పైగా నా మాటకు మనసు నొచ్చుకుని పోయారు. ఫుట్‌పాత్ వెంట పరుగెత్తాను. పుస్తకాల కుప్పలు దాటుకుంటూ "అత్తమ్మా!" అని కేకపెట్టాను. ఆరేడుగురు ముసలమ్మలు వెనక్కి తిరిగి చూశారు. ఒక్కరూ నావాళ్లు కాదు. నగల దుకాణంలోకి పోయి అడిగాను. నా మొహం మీద నల్లటి గ్రీజు, ఒంటినిండా మల్లెపూల నూనె వాసన చూసి వాళ్లు గల్లాపెట్టె మూసుకున్నారు.

అప్పుడే మా ఆయన ఫోన్.

"రైలెక్కిన్రా?"

"ఆఁ... ఎక్కుతున్నం."

"అమ్మకియ్యి ఫోను."

"అమ్మ... అమ్మ కిటికీ కాడ సీటు చూసుకుంటుంది. లోపటున్నది. సిగ్నల్ లేదు. పెడ్తున్న!"

కట్ చేసి, రోడ్డు మీదే ఏడుపు మొదలుపెట్టాను. మీ అమ్మను అబిడ్స్‌లో పోగొట్టానని ఎలా చెప్పను? లగ్గం ఆగిపోతే ఆడపడుచుకు ఏ మొహంతో కనబడను? ఇక మిగిలింది ఒక్కటే. స్టేషన్‌లో రైల్వే పోలీసులతో చెప్పి, మైకులో చెప్పించాలి. కారెక్కాను. నా కాలికి ఇంకా పాత క్లచ్చే గుర్తుంది. ఉన్న బలమంతా పెట్టి తొక్కితే, పెడల్ సులువుగా దిగిపోయి, మోకాలు పోయి స్టీరింగుకు కొట్టుకుంది. ఏడుస్తూ, కుంటుతూ, గేర్లు మాత్రం బ్రహ్మాండంగా మారుస్తూ నాంపల్లి చేరాను.

ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తేసరికి తాండూరు వైపు పోయే రైలు మెల్లగా కదులుతోంది. పోలీసుల గది ఎక్కడని ఒక కూలీని అడుగుతున్నాను. పక్కనుంచి గొంతు వినబడింది.

"రజితా! ఓ రజితా! గింత లేటా?"

కిటికీ పక్క సీట్లో మా అత్తమ్మ. చంకలో సంచి. చేతిలో సగం కొరికిన జామకాయ.

ఊచలు పట్టుకుని రైలుతో పాటు నడుస్తూ అరిచాను. "అత్తమ్మా! పాణం పోయినంత పనాయె! ఎట్ల వచ్చిన్రు?"

"నడిచొచ్చిన! అబిడ్స్‌కెల్లి నాంపల్లి ఎంతనే? ఇరవయ్యేండ్లు బడికి నడిచిన తొవ్వ నాకు తెల్వదా?"

"నాకు చెప్పకుండ ఎందుకొచ్చిన్రు మరి?"

"చెప్పిన గద! 'నేను నడిచిపోత బిడ్డా, నువ్వు సామాను తీస్కొని రా' అన్న!"

"ఎవ్వలికి చెప్పిన్రు?"

"నీ కాళ్లకు! బయటికి గవే కనవడ్డయి. ఎడమకాలు ఊపినవ్. సరే అన్నవనుకొని వచ్చిన!"

రైలు ఊచలు నా చేతుల్లోంచి జారిపోయాయి. అత్తమ్మ, జామకాయ, పుస్తెమట్టెలు తాండూరు వెళ్లిపోయారు. ఊపింది నేను కాదు, పట్టేసిన పిక్క అని చెప్పడానికి కూడా వీల్లేకపోయింది.

ఇక చేసేదేముంది? ఒడిబియ్యం, బిందెలు, ట్రంకు వేసుకుని ఒక్కదాన్నే తాండూరు దాకా కారు నడిపాను. క్లచ్చు దారి పొడవునా పువ్వులా పనిచేసింది. మెచ్చుకోవడానికి పక్కన మనిషి లేదు. పందిట్లో అడుగుపెట్టేసరికి పుస్తె కట్టడం అయిపోయి, తలంబ్రాలు పోసుకుంటున్నారు. మొగపిల్లవాడి తరఫు పెద్దావిడ ఒకరు నన్ను చూసి దగ్గరికొచ్చారు.

"పాపం, దూరంకెల్లి బండి తోలుకుంట వచ్చినట్టున్నవ్. తిన్నవా డ్రైవరమ్మా?"

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అత్తమ్మ అందుకున్నారు.

"డ్రైవరమ్మ గాదు వదినే, మా కోడలు. బండి తోలుతది, రిపేరు గూడ చేస్తది. కాకపోతే స్టేషన్‌కు మనమే నడిచిపోవాలె."

పందిరంతా నవ్వింది. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు.

అందుకని ఆ అగ్నిహోత్రం ఎదుట, అక్షింతలు పట్టుకున్న చేతిని ఎడమ మోకాలి మీద పెట్టుకుని, నేను కూడా ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ బండి లోపలికీ తల దూర్చను. ఒకవేళ దూర్చక తప్పకపోతే, పెద్దవాళ్లతో మాట్లాడే బాధ్యతను ఎట్టి పరిస్థితుల్లోనూ నా కాళ్లకు అప్పగించను.